ఎడమచేతి కుచ్చులు

పోయిన డిసెంబరు నెల రెండో మంగళవారం, మధ్యాహ్నం మూడుంబావు. చెన్నై నుంచి శ్రీలంకకు పోయే విహార ఓడ, సముద్రం వైపు గది. బయట కళ్ళు తెరవలేనంత ఎండ. చీకట్లో ఏదో చూసి ముసలిది జడుసుకుందిలే అనుకుంటారని సమయం ముందే చెబుతున్నాను.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా కోసిగిలో ఎవరికైనా గాలి సోకిందంటే ఊరంతా వేపమండలు పట్టుకుని పరుగెత్తేది. నేను మగ్గం దిగేదాన్ని కాదు. దిగితే ఆ పూట కూలి పోతుంది. నా మొగుడు పోయిన ఇంట్లోనే ఒంటరిగా పడుకున్నాను. ఏ చప్పుడైనా వినపడితే ఎలుకను తిట్టి పడుకునేదాన్ని. ఇప్పుడూ నమ్మకం లేదు. కానీ ఆ రోజు చూసింది చూడలేదని చెప్పలేను.

నా పేరు ఉరుకుందమ్మ. నేత నా పని. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది నా అల్లుడు మద్దిలేటి. నేను గుంట మగ్గంలో కూర్చుని నేస్తుంటే వాడు ఎదురుగా నేల మీద ఇసుక పోసి, ఎడమచేతి వేలితో రాసి చూపేవాడు. అటు నుంచి రాస్తే నాకు తలకిందులుగా కనపడేది. తిట్టేదాన్ని.

"అత్తా, ముందు నోరు మూసి కండ్లు తెరువు. అప్పుడొస్తాది అక్షరం," అనేవాడు.

కాబట్టి ఇది నేనే రాస్తున్నాను. తప్పులుంటే నేర్పినవాడిని అనండి. అనిపించుకోవడానికి వాడు లేడు.

మద్దిలేటి మంచి నేతగాడు. నూలు కొనలేక, నేసిన చీర అమ్ముడుపోక మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా ఊళ్ళో సగం మంది ఏటా సుగ్గికి పోతారు. సుగ్గి అంటే కూలి ఎక్కడ దొరికితే అక్కడికి మూటాముల్లె కట్టుకుని పోవడం. వాడు అలాగే బెంగళూరు పోయి ఒక హోటల్లో పక్క గుడ్డలు మార్చే పనిలో చేరాడు. గుడ్డ వాడి చేతిలో చెప్పినట్టు వింటుంది. అది చూసి అక్కడి పెద్ద ఒకాయన ఓడ పనికి పంపాడు.

ఓడలో గదులు సర్దాలి. పక్క దులపాలి, స్నానాల గది కడగాలి. ఇవన్నీ అయ్యాక తువ్వాలును ఏనుగులాగానో కొంగలాగానో కోతిలాగానో మడిచి మంచం మీద నిలబెట్టాలి. గదిలోకి వచ్చినవాళ్ళు చూసి ముచ్చటపడాలని ఆ ఓడల్లో అదొక ఆనవాయితీ. సెలవుకు వచ్చినప్పుడు మా పాత తువ్వాళ్ళతో చేసి చూపించాడు. వీధి వీధంతా మా గడప దగ్గర చేరింది.

"ఇన్నేండ్లు నేసినా గానీ, ఇట్లా లేసి నిలబడే గుడ్డను నేను సూడలేదప్పా," అన్నాను.

"నేసేటోనికి దుడ్లు యాడొస్తాయత్తా? మడిచేటోనికే వస్తాండాయి," అని నవ్వాడు.

అదే ఆఖరు సెలవు. ఆ సెలవులో చేతులు ఊరుకోక తన మగ్గం మీద ఒక తువ్వాలు మొదలుపెట్టాడు. తెల్లది, ఎర్రంచు. సగం అయింది, పిలుపు వచ్చింది. ఎవరూ ముట్టుకోవద్దు, వచ్చి నేనే దింపుతాను అని చెప్పి పోయాడు.

కొన్ని నెలలకు ఓడ కంపెనీ నుంచి ఫోను వచ్చింది. మద్దిలేటి పనివేళకు రాలేదని, ఓడంతా వెతికామని, సముద్రంలో కూడా వెతికించామని చెప్పారు. ఓడ వెనుక వైపు నడిచి పోవడం కెమెరాలో ఉందంట. తిరిగి రావడం లేదంట. శవం దొరకలేదు. వచ్చిన పోలీసులు, కంపెనీ మనుషులు అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఆ మర్యాద నా కూతురు నాగవేణికి ఏం పనికొస్తుంది?

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. నేసినవాడే తన గుడ్డను మగ్గం నుంచి కోసి దింపాలి. దింపాక రెండు కొసల్లో వేలాడే దారాలను కొన్ని కొన్ని చొప్పున కలిపి, పేని, ముడివేస్తాం. వాటినే కుచ్చులంటాం. గుడ్డ పనిలో సగంలో ఉండగా నేతగాడు చనిపోతే ఇంటివాళ్ళు ఆ గుడ్డ కోసి శవం మీద కప్పుతారు. దానికి మాత్రం కుచ్చులు వేయరు. దారాలు ఊడినవి ఊడినట్టే పోవాలి. చచ్చినవాళ్ళ గుడ్డకు కుచ్చులు లేవు. మా అవ్వ నాకు చెప్పింది, నేను నాగవేణికి చెప్పాను.

మద్దిలేటి పోయాడని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఆ తువ్వాలు కోసేద్దామంటే నాగవేణి మగ్గానికి అడ్డం కూర్చుంది. రెండేళ్ళు కోయనివ్వలేదు. తాళి తీయలేదు. పిల్లలు లేరు. పొద్దున లేచి మగ్గం మీద దుమ్ము తుడిచి కూలికి పోయేది, వచ్చి మళ్ళీ తుడిచేది.

ఇంతలో బద్వేలు నుంచి ఒక సంబంధం వచ్చింది. బట్టల అంగడి ఉన్న మనిషి, పెండ్లాం చనిపోయింది. అంతా తెలిసే వచ్చాడు. నాగవేణి వారం రోజులు ఆగింది. తరువాత ఒక మాట చెప్పింది.

"నన్ను ఒక్కసారి ఆ నీళ్ళు సూడనీ మా. సూసి, ఆ తువ్వాలు నేనే నీళ్ళల్లో ఇడుస్తా. ఆ తరువాత నువ్వు చెప్పినట్టు ఇంటా."

నాకు అదే చాలు. నేను ఎన్నాళ్ళు బతుకుతాను? నా తరువాత ఆ పిల్లకు ఒక మనిషి ఉండాలి. ఈ రాతలో నా బాధంతా అదే.

సముద్రం చూడాలంటే చెన్నైలో ఒడ్డున నిలబడినా చూడొచ్చు. నాగవేణికి ఆ ఓడే కావాలి. ఆ ఓడ టికెట్టు మా బతుకులో కొనేది కాదు. దారి చూపించింది సుబ్బరాయుడు గారు.

ఆయనది మంగంపేట. ముగ్గురాయి గనుల్లో కాంట్రాక్టులు చేసి పెద్దయ్యాడు. భార్య పోయాక ఏటా అదే ఓడ ఎక్కేవాడు, అదే గది తీసుకునేవాడు. ఆ గది సర్దింది మద్దిలేటి. ఓడలో తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని ఆయనకు వాడంటే ప్రాణం. నాగవేణి కోరిక సంగతి తెలిసి కారు వేసుకుని మా కోసిగికి వచ్చాడు. రెండడుగులకు ఒకసారి దగ్గు.

అన్నిసార్లు ఎక్కినందుకు ఓడవాళ్ళు ఆయనకు బంగారు రంగు కార్డు ఇచ్చారంట. ఆ కార్డు ఉంటే వరుసలో నిలబడే పని లేదు, గదిలోకి పండ్లు పంపుతారు, గుడ్డలు ఊరికే ఉతుకుతారు.

"నాకుండేది రెండు పంచెలమ్మా. వాటిని ఉతికేదానికి వాళ్ళు శానా ఆరాటపడతాండారు," అన్నాడు. "ఈసారి తోడొచ్చే ఇద్దరికి ఇంకో గది ఊరికే ఇస్తారంట. నాకు తోడొచ్చే వాళ్ళు ఎవరుండారు? మీరు రండి."

బయలుదేరే ముందు రోజు నాగవేణి తలస్నానం చేసి, తనే కత్తెర పట్టుకుని తువ్వాలు కోసింది. నేను పక్కనే ఉన్నాను. దారాలు రెండు వైపులా ఊడి వేలాడాయి. కుచ్చులు వేయలేదు. మడిచి సంచిలో పెట్టింది. ఏడవలేదు. అది చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఓడ అంటే ఓడలా లేదు, పెద్ద పెండ్లి మండపంలా ఉంది. మాకు ఊరికే ఇచ్చింది లోపలి గది. గోడకు మంచి పరదా ఉంది. తీసి చూస్తే వెనుక గోడే, కిటికీ లేదు. లేని కిటికీకి పరదా ఎందుకో నాకు అర్థం కాలేదు. సుబ్బరాయుడు గారు ఆ పరదా తీసి ఒకసారి, వేసి ఒకసారి చూసి, తన గది తాళంకార్డు నాగవేణి చేతిలో పెట్టాడు.

"మీరు ఆ గదిలో ఉండండి. నేను గనిలో బతికిన మనిషిని, నాకు కిటికీ ఎందుకు?"

అలా మద్దిలేటి సర్దిన గదిలోకి మేము చేరాం. తలుపు తీస్తే చిన్న వసారా, దాని కింద నీళ్ళు. నాగవేణి మంచం మీద కూర్చోలేదు. దుప్పటి మూలలు చేత్తో తడిమి చూసింది, గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

ఆ వరుస గదులు ఇప్పుడు సర్దేది ప్రధాన్ అనే ఒడిశా మనిషి. నలభై ఏళ్ళవాడు. నాకు మా పక్కింటి సాయిబుల దగ్గర నేర్చిన ఉర్దూ వచ్చు, ఆయనకు హిందీ. అలా మాట్లాడుకున్నాం. మద్దిలేటిని ఆయన చూడలేదు, తరువాత చేరాడు. ఎడమచేతి మనిషి ఒకడు ఉండేవాడని, ఏనుగు మడవడంలో వాడిని మించినవాడు లేడని తోటివాళ్ళు చెప్పుకోగా విన్నాడంట.

మరునాడు మంగళవారం. ఒడ్డు ఎక్కడా కనపడలేదు. సాయంత్రం పొద్దు కుంకే ముందు తువ్వాలు నీళ్ళలో వదలాలని అనుకున్నాం. మధ్యాహ్నం నాగవేణి దాన్ని బయటికి తీసి నాలుగు మూలలా పసుపు పెట్టింది. నేను దగ్గర నుంచి చూశాను. దారాలు ఊడే ఉన్నాయి, కొన్ని చిక్కుపడితే నేనే వేళ్ళతో విడదీశాను. మళ్ళీ మడిచి సంచిలో పెట్టి, సంచి మూతిని నేనే ముడివేసి, గోడబీరువాలో పెట్టాను. గది తాళంకార్డు నా కొంగున కట్టుకున్నాను.

ఆ పూట కార్డులున్నవాళ్ళకు ప్రత్యేకంగా భోజనం పెట్టారు. సుబ్బరాయుడు గారు మమ్మల్ని కూడా తీసుకుపోయాడు. కెప్టెన్ వచ్చి అందరి చేతులూ కలిపి, ఇన్నేళ్ళుగా మమ్మల్ని విడిచిపెట్టకుండా వస్తున్నందుకు కృతజ్ఞతలని చెప్పాడు. సుబ్బరాయుడు గారి చొక్కాకు ఒక బిళ్ళ గుచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాగవేణి నా చెవిలో అడిగింది. "నాలుగేండ్లు ఇదే ఓడలో పక్కలేసినాడు గదా మా. ఆయప్పకు ఏమి గుచ్చినారు?"

పెద్దాయనకు వినపడింది. బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. ఆ తరువాత ఎవరమూ సరిగా తినలేదు. ఒకరిని విడిచి ఒకరం లేచి పోలేదు. ముగ్గురమూ కలిసే గదికి తిరిగి వచ్చాం. గోడ మీద గడియారం మూడుంబావు చూపిస్తోంది.

మంచం మీద ఏనుగు ఉంది. ఓడవాళ్ళ తెల్ల తువ్వాళ్ళతో చేసింది, తొండం పైకెత్తి నిలబడింది. అది మామూలే. ఏనుగు వీపు మీద అంబారీ గుడ్డలా మా తువ్వాలు పరిచి ఉంది. ఎర్రంచు, నాలుగు మూలలా పసుపు. రెండు వైపులా కుచ్చులు వేలాడుతున్నాయి.

నేను ముందు నా కూతురినే అనుమానించాను. ఉన్నమాట చెబుతున్నాను. కానీ పొద్దుటి నుంచి అది నా పక్కనే ఉంది. సుబ్బరాయుడు గారి చేతులు వణుకుతాయి, చొక్కా గుండీ కూడా నాగవేణే పెట్టింది. నా వేళ్ళు బిగుసుకుపోయి ఎన్నాళ్ళయిందో. బీరువా తెరిచి చూశాను. సంచి ఉంది. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. లోపల ఏమీ లేదు.

ప్రధాన్‌ను పిలిచాం. ఏనుగును తనే చేశానన్నాడు. వీపు మీద ఏమీ వేయలేదన్నాడు, బీరువా తీయలేదన్నాడు. అబద్ధం చెబుతున్నాడేమోనని నా పాత చీర కొంగు నుంచి దారాలు లాగి ఆయన చేతిలో పెట్టి పేనమన్నాను. పాపం, కూర్చుని పేనాడు. కాకి గూడులా తయారైంది. ఆయన చేతికి నేత వాసన కూడా తగల్లేదు.

అప్పుడు కుచ్చులను వెలుతురులోకి తీసుకుపోయి చూశాను. కుడిచేత్తో పేనితే దారం మెలిక ఒక వైపు తిరుగుతుంది, ఎడమచేత్తో పేనితే దానికి ఎదురుగా తిరుగుతుంది. నేసేవాళ్ళకు చూడగానే తెలుస్తుంది. ఇవి ఎదురు మెలికలు. అన్నీ. మా వీధి మొత్తంలో అలా పేనే చేయి ఒకటే ఉండేది. నాగవేణి చేత కూడా రెండు దారాలు పేనించాను. మామూలు మెలికే పడింది.

మేము భోజనానికి పోయిన సేపట్లో అన్ని కుచ్చులు వేయడం అవుతుందా అంటే, ఆరితేరిన చేయి తొందరపడితే అవుతుంది. కాదని అబద్ధం చెప్పను. ఎవరి చేయి అన్నదే నాకు తెలియదు.

సుబ్బరాయుడు గారు కుర్చీలో కూర్చుండిపోయాడు. ప్రధాన్ తలుపు దగ్గరే నిలబడి చేతులు జోడించాడు. నాగవేణి ఒక్కతే నవ్వింది. రెండేళ్ళ తరువాత ఆ నవ్వు చూశాను.

"సూసినావా మా? కుచ్చులేసినాడు."

"ఎవురే?"

"నీకు తెలీదా ఏమి?"

"పిచ్చి మాటలు మాట్లాడొద్దు మే. తువ్వాలు ఇట్లా తే. పొద్దు కుంకుతాది."

"సచ్చినోళ్ళ గుడ్డకు కుచ్చులు లేవని నువ్వే గదా చెప్పినావు? మరి ఇవేంది?"

నేను చెప్పిన మాటే అది. కాదనాలంటే మా అవ్వను కాదనాలి. వసారాలోకి తీసుకుపోయి నేనే విసిరేద్దామని తువ్వాలు పట్టుకున్నాను. నాగవేణి కూడా పట్టుకుంది. ఇద్దరం చెరొక కొస పట్టుకుని చాలాసేపు నిలబడ్డాం. చివరికి నేనే వదిలాను. గుంజితే ఆ కుచ్చులు తెగుతాయేమోనని భయం వేసింది. ఎందుకు భయం వేసిందో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆ సాయంత్రం నాగవేణి ఓడంతా తిరిగింది. ప్రతి వసారా, ప్రతి మెట్టూ. తలుపులు తట్టి అడిగింది. ఎవరూ కసురుకోలేదు. చివరికి ఒక ఆఫీసరమ్మ జాలిపడి పనివాళ్ళు ఉండే కింది అంతస్తుకు తీసుకుపోయి, మద్దిలేటి పడుకున్న మంచం చూపించింది. అక్కడ ఇంకెవరి దుప్పటో ఉంది, గోడకు ఇంకెవరి బిడ్డ ఫోటోనో ఉంది. నాగవేణి చూసి పైకి వచ్చింది.

"ఆడ లేడు. ఇంకో తావున ఉండాడు," అంది.

తువ్వాలు నీళ్ళలో పడలేదు. మాతో పాటే కోసిగికి తిరిగి వచ్చింది.

బద్వేలు ఆయన ఉగాది దాకా చూశాడు. ఇంటికి వచ్చి రెండుసార్లు అడిగాడు. నాగవేణి లోపలి నుంచి తువ్వాలు తెచ్చి, కుచ్చులు ఆయనకు చూపించింది. నా మొగుడు ఉండాడప్పా, నన్నేమీ అడగొద్దు అని చెప్పింది. ఆయన మంచివాడు, గొడవ పడకుండా పోయాడు. తరువాత ఇంకెవరినో చేసుకున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు అంగట్లో కూర్చుంటుందంట, విన్నాను.

సుబ్బరాయుడు గారు తన కార్డును నాగవేణి పేరు మీదికి మార్చమని ఓడవాళ్ళను అడిగాడు. ఆ కార్డు ఒకరిది ఒకరికి మారదంట. ఆయన ఇక ఓడ ఎక్కడు. ముక్కుకు గొట్టం పెట్టుకుని మంచం మీదే ఉన్నాడు. ఫోను చేస్తే దగ్గు వినపడుతుంది, మాట వినపడదు.

నాగవేణి మద్దిలేటి మగ్గం మీద కొత్త నూలు ఎక్కించి పెట్టింది. తను నేయదు, నన్ను నేయనివ్వదు. వాడే వచ్చి కూర్చోవాలంట. దాని తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. పత్తి చేలకు పోతుంది, వస్తుంది, మగ్గం మీద దుమ్ము తుడుస్తుంది. తువ్వాలు తల కింద పెట్టుకుని పడుకుంటుంది.

ఎవరైనా ఓడ పనివాళ్ళలో మా వైపు మనిషి ఉండి, ఎడమచేతివాడై, జాలికొద్దీ చేశాడేమోనని కూడా ఆలోచించాను. అలా అనుకున్నా, బీరువాలో సంచి ముడి ఎలా చెక్కుచెదరలేదో తెలియదు. ఆ కుచ్చులు ఏ చేయి వేసిందో గానీ, అవి నా కూతురి కాళ్ళకు పడ్డాయి. వాడు బతికి ఉంటే ఇన్నాళ్ళు రాకుండా ఉండడు. నాకు తెలుసు. చచ్చినవాడైతే దాన్ని వదిలిపెట్టాలి గదా? వదలకుండా ముడి ఎందుకు వేశాడు? వాడి మీద నాకు కోపం ఉంది. లేనివాడి మీద కోపం ఎట్లా తీర్చుకోవాలో తెలియడం లేదు.

ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఉన్నవాళ్ళం: ఉరుకుందమ్మ అనే నేను, నా కూతురు నాగవేణి, మంగంపేట సుబ్బరాయుడు గారు, గది సర్దే ప్రధాన్.

ఇంతవరకు రాసి ఆపాను. నాగవేణి పక్కన కూర్చుని చదివింది.

"ఒకరిని మరిసినావు మా," అంది.

నేను తల ఎత్తలేదు. ఆ పేరు రాయడం నాకు బాగా వచ్చు. ఇసుకలో మొదట నేర్చుకున్న పేరు అదే. నాగవేణి లేచి మగ్గం తుడవడానికి పోయేదాకా కలం పట్టుకుని అలాగే కూర్చున్నాను. రాయలేదు.